గొంతు తనది కాదు, అయినా పాట తనదే: డీజే పోతే అభిమానులు ఎందుకంత కుమిలిపోతారు

సంక్షిప్తంగా: ఎలక్ట్రానిక్ సంగీతంలో పాడే గొంతు ఒకరిది, పాటను కట్టిన చెయ్యి మరొకరిది, వేదిక మీద కనపడే ముఖం ఇంకొకరిది కావచ్చు. అందువల్ల ఆ కళాకారుడు పోయినప్పుడు అభిమాని ఏం పోగొట్టుకున్నాడో చుట్టూ ఉన్నవాళ్ళకి అంతుపట్టదు. 2018లో స్వీడన్ డీజే అవీచీ మరణం, 2019లో ఇంగ్లండ్ బృందం ది ప్రాడిజీ గాయకుడు కీత్ ఫ్లింట్ మరణం ఆధారంగా ఆ బంధం ఎలా పుడుతుందో, గోదావరి డెల్టాలోని అభిమానికి ఆ దుఃఖం చెప్పుకునే చోటు ఎందుకు దొరకదో, వార్త రాసే తీరు, కుటుంబం స్పందించే తీరు ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం వివరిస్తుంది.

అమలాపురంలోనో భీమవరంలోనో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఎక్కడో స్వీడన్‌లో పుట్టిన డీజే వర్ధంతికి వాట్సాప్ స్టేటస్ పెడితే ఇంట్లో పెద్దవాళ్ళకి అది వింతగానే ఉంటుంది. "వాడెవడ్రా, మనకేమవుతాడు?" అన్న ప్రశ్న వస్తుంది. సినిమా హీరో పోయినా, గాయకుడు పోయినా ఆ ప్రశ్న రాదు. వాళ్ళ ముఖం ఇంట్లో అందరూ చూసిందే, వాళ్ళ గొంతు అందరూ విన్నదే. మరి ముఖం పెద్దగా కనపడని, గొంతు అసలే వినపడని మనిషి కోసం కంట తడి పెట్టడం ఏమిటి? ఈ సందేహం ఇక్కడి పెద్దవాళ్ళకే కాదు, ఆ సంగీతం పుట్టిన దేశాల్లోనూ చాలామందికి ఉంది.

స్టాక్‌హోంలో ఆ శనివారం

టిమ్ బెర్గ్లింగ్ 1989 సెప్టెంబర్ 8న స్టాక్‌హోంలో పుట్టారు. అవీచీ అన్న పేరుతో ప్రపంచానికి తెలిశారు. 2018 ఏప్రిల్ 20, శుక్రవారం నాడు ఒమన్ రాజధాని మస్కట్‌లో చనిపోయారు. అప్పటికి వయసు 28. మస్కట్ పేరు కోనసీమకి కొత్తది కాదు. ఇక్కడి ఎన్నో ఇళ్ళ నుంచి ఇంటిపనికీ డ్రైవింగ్‌కీ వెళ్ళే ఊరది. ఒక సంగీతకారుడి మరణవార్తలో ఆ పేరు కనపడటం మాత్రం ఎవరూ ఊహించనిది.

అలాంటి వార్త విన్నప్పుడు మొదటి గంటలో అభిమానులు చేసే పని దాదాపు అంతటా ఒకటే. నిజమా, పుకారా అని వెతుకుతారు. మన దగ్గర దింపుడు కళ్ళం ఆశ అనేది సరిగ్గా ఇదే. శవాన్ని మధ్యలో దింపి చెవి దగ్గర పేరు పెట్టి పిలిచినట్టే, అభిమాని ఆ కళాకారుడి అధికారిక ఖాతాను మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తాడు. ప్రముఖుల చావు గురించి అబద్ధపు వార్తలు తరచూ వస్తాయి కాబట్టి ఆ ఆశ కొంతసేపు నిలబడుతుంది కూడా.

మర్నాడు, శనివారం, స్టాక్‌హోం నడిబొడ్డున ఉన్న సెర్గెల్స్ టోర్గ్ కూడలిలో వేలమంది చేరారు. ఒక నిమిషం మౌనం పాటించారు. తర్వాత స్పీకర్లలో అవీచీ పాటలు మోగాయి, జనం గెంతుతూ డాన్స్ చేశారు. ఏడుస్తూ ఆడినవాళ్ళున్నారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో డోమ్ గోపురం గంటల మీద అవే పాటల వరసలు వాయించారు. అంత్యక్రియలు మాత్రం కుటుంబం వరకే జరిగాయి.

చావింటి దుఃఖంలో డాన్స్ ఏమిటన్నది బయటివాళ్ళకి వచ్చిన మొదటి అభ్యంతరం. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి అదంత కొత్తగా అనిపించకూడదు. నిండు వయసులో పోయినవాళ్ళని డప్పులతో, బాణసంచాతో, దారి పొడవునా పూలు చల్లుతూ సాగనంపడం ఇక్కడ చాలా ఊళ్ళలో ఉంది. అయితే ఒక తేడా ఉంది. చిన్న వయసు చావుకి ఇక్కడ ఆ హడావిడి ఉండదు. ఆ ఇంటి ముందు అందరూ నోరు మెదపకుండా నిలబడతారు. స్టాక్‌హోంలో ఆడింది 28 ఏళ్ళ మనిషి కోసం. కాబట్టి దాన్ని ఇక్కడి డప్పుల ఊరేగింపుతో సమానం అనుకోవడం తొందరపాటే. అక్కడ జనం చేసింది ఒక జీవితం పండింది అని చెప్పడం కాదు. ఆ మనిషితో తమకున్న ఒకే ఒక పరిచయం గుంపుగా ఆడటం. ఆ పరిచయాన్ని ఇంకొక్కసారి చేసుకున్నారు, అంతే. ఆయనని చూడటానికి వెళ్ళినా, ఇంట్లో విన్నా, వాళ్ళకి తెలిసిన సంబంధం అదొక్కటే.

పాట ఎవరిది

తెలుగువాళ్ళ సంగీత అభిమానం గొంతు చుట్టూ తిరుగుతుంది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయినప్పుడైనా, 2020 సెప్టెంబర్ 25న బాలసుబ్రహ్మణ్యం పోయినప్పుడైనా జనం పోగొట్టుకున్నది ఏమిటో ఒకరికొకరు వివరించుకోవాల్సిన పని పడలేదు. రేడియోలో, టీవీలో ఆ గొంతు మళ్ళీ వినపడగానే దుఃఖం పొంగింది. గొంతే మనిషి. అందుకే ఘంటసాలకి ఊరూరా విగ్రహాలు లేచాయి.

అవీచీ పాటల్లో అవీచీ గొంతు లేదు. 2011లో వచ్చి ఆయనకి ప్రపంచమంతా పేరు తెచ్చిన 'లెవెల్స్'లో వినపడే ఆడగొంతు అమెరికా గాయని ఎట్టా జేమ్స్‌ది. 1962లో ఆమె పాడిన పాట నుంచి ఒక చిన్న ముక్క తీసుకుని దాని చుట్టూ కట్టిన పాట అది. 2013లో వచ్చిన 'వేక్ మీ అప్' పాడింది ఆలో బ్లాక్. అందులో గిటార్ వాయించింది మైక్ ఐన్‌జిగర్. ఆ పాటను 2013 మార్చిలో మయామీలోని అల్ట్రా ఫెస్టివల్‌లో మొదటిసారి వినిపించినప్పుడు, బాంజో, గిటార్ లాంటి పల్లె వాద్యాలతో వాయించేవాళ్ళు వేదిక మీదకి రావడం చూసి అక్కడి జనం అయోమయపడ్డారు. డాన్స్ పాటలకి వచ్చినవాళ్ళకి ఇదేం కచేరీ అనిపించింది. కొన్ని నెలల్లో అదే పాట ఎన్నో దేశాల్లో మొదటి స్థానంలో నిలిచింది.

మరి గొంతూ గిటారూ ఇతరులవైతే అవీచీది ఏమిటి? వరస. ఆ వరస ఎప్పుడు రావాలో, ఏ వాద్యం ఎక్కడ ఆగాలో, ఏ శబ్దం మీద ఏ శబ్దం కూర్చోవాలో తేల్చిన నిర్ణయాలన్నీ ఆయనవి. ఎవరు పాడినా, నాలుగు సెకన్లు వినగానే ఇది అవీచీ అని అభిమాని గుర్తుపడతాడు. మనవైపు ఇళయరాజా పాటను గాయకుడితో పని లేకుండా గుర్తుపట్టే శ్రోతలు ఎలా ఉన్నారో అలాగే.

కీత్ ఫ్లింట్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఇంగ్లండ్ బృందం ది ప్రాడిజీలో పాటలు కట్టేది లియామ్ హౌలెట్. ఫ్లింట్ ఆ బృందంలోకి డాన్సర్‌గా వచ్చాడు, 1996లో 'ఫైర్‌స్టార్టర్'తో గాయకుడయ్యాడు. రెండు వైపులా నిక్కబొడిచిన జుట్టుతో ఆయన ముఖమే ఆ బృందానికి గుర్తయింది. 2019 మార్చి 4న 49 ఏళ్ళ వయసులో చనిపోయారు. మార్చి 29న ఎసెక్స్‌లోని బాకింగ్ చర్చిలో అంత్యక్రియలు జరిగితే, ఊరేగింపు దారిలో నిలబడి సాగనంపమని బృందం అభిమానుల్ని పిలిచింది. చర్చి బయట స్పీకర్లు పెట్టారు. అభిమానులు వేల సంఖ్యలో వచ్చారు. ఇది మన ఊళ్ళలో అంతిమయాత్రకి దగ్గరగా ఉంటుంది: ముఖం తెలిసిన మనిషికి ముఖాముఖి వీడ్కోలు.

ముఖం అసలే లేని దాఖలా కూడా ఉంది. ఫ్రాన్స్ ద్వయం డాఫ్ట్ పంక్ ఏళ్ళ తరబడి హెల్మెట్లు తీయకుండా వాయించింది. 2021 ఫిబ్రవరి 22న తాము విడిపోతున్నామని ప్రకటించింది. ఎవరూ చనిపోలేదు. అయినా అభిమానులు చావు వార్త విన్నట్టే మాట్లాడుకున్నారు. ఇక కొత్త పాట రాదన్న సంగతే వాళ్ళని అంతగా తాకింది. అవీచీ విషయంలో చెయ్యి, ఫ్లింట్ విషయంలో ముఖం, డాఫ్ట్ పంక్ విషయంలో ఇద్దరు మనుషుల కూడిక. ఎలక్ట్రానిక్ సంగీతంలో అభిమానం ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది, పోయినప్పుడు కూడా దాన్నే వెతుక్కుంటుంది.

చెయ్యి పట్టుకున్న అభిమానం మనకి లేదనుకోకూడదు. తెలుగు సినిమా పాటలో కీబోర్డులూ సింథసైజర్ల మోతకి ఊపు తెచ్చినవాళ్ళలో రాజ్-కోటి ముందుంటారు. రాజ్ తండ్రి టి.వి. రాజు రాజమండ్రి ప్రాంతం మనిషి. ఎ.ఆర్. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. 2023 మే 21న రాజ్ పోయినప్పుడు వార్తల్లో ఆయన పాటలు పాడినవాళ్ళ పేర్లూ, నటించిన హీరోల పేర్లూ గట్టిగానే వినపడ్డాయి. ఆ శబ్దాన్ని మీట మీట నొక్కి తయారు చేసిన పని గురించి తక్కువ వినపడింది. ముంబైలో చరణ్‌జీత్ సింగ్ అనే వాద్యకారుడు 1982లోనే పది రాగాల్ని డ్రమ్ మెషీన్, సింథసైజర్ల మీద వాయించి రికార్డు తెచ్చారు. అది అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో విదేశంలో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచ శ్రోతలు ఆశ్చర్యపోయారు. 2015లో ఆయన పోయారు. ఇలాంటి చేతుల్ని బతికుండగా గుర్తించకపోవడం మన సంగీత అలవాట్లలో పెద్ద లోటు.

దరువు ఆగి మళ్ళీ పడే చోట

ఈ సంగీతం మనిషిని ఎలా పట్టుకుంటుందో తెలియాలంటే పాట లోపలికి వెళ్ళాలి. 'లెవెల్స్' వేగం నిమిషానికి 126 దెబ్బలు. 'వేక్ మీ అప్' వేగం 124. చురుగ్గా నడిచే మనిషి అడుగుకి, ఉత్సాహంలో ఉన్న గుండె వేగానికి దగ్గర్లో ఉండే లెక్క ఇది. పాటలో కొంతసేపు అయ్యాక కింద మోగే డ్రమ్ము ఆగిపోతుంది. బేస్ తీసేస్తారు. పైన సన్నటి శబ్దం ఒకటి మెల్లగా ఎక్కుతూ పోతుంది. చిన్న డ్రమ్ము దెబ్బలు రెట్టింపవుతాయి, మళ్ళీ రెట్టింపవుతాయి. టెన్షన్ పెరుగుతుంది. ఒక క్షణం అంతా ఆగుతుంది. అప్పుడు డ్రమ్మూ బేసూ వరసా ఒక్కసారిగా పడతాయి. డీజేలు దాన్ని డ్రాప్ అంటారు.

మెదడు ముందు రాబోయేదాన్ని ఊహించి, అది ఊహించిన చోట పడినప్పుడు ఆనందపడుతుంది. పాట ఎన్నిసార్లు విన్నా ఆ ఎదురుచూపు పని చేస్తుంది. పైగా వందలమంది ఒకే క్షణం కోసం ఎదురుచూసి ఒకేసారి గెంతినప్పుడు దాని ప్రభావం వేరు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకే అడుగుతో ఆడినవాళ్ళకి నొప్పి తట్టుకునే శక్తి పెరిగింది, పక్కనున్న కొత్తవాళ్ళ మీద దగ్గరితనం కూడా పెరిగింది. వేర్వేరు అడుగులతో ఆడినవాళ్ళలో అంత కనపడలేదు.

ఇది కోనసీమకి తెలిసిన సంగతే. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ళ నుంచి ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభలు కౌశికలోకి దిగే చోట డప్పు దరువు మారుతుంది, "అశ్శరభ శరభ" అన్న కేక లేస్తుంది, భుజం మీద బరువున్నవాళ్ళతో పాటు గట్టు మీద నిలబడ్డవాళ్ళ ఒళ్ళు కూడా జలదరిస్తుంది. నీళ్ళు దాటి ప్రభ అవతలి గట్టు ఎక్కేవరకూ అందరి ఊపిరీ ఒకటే. ఆ అనుభవం ఎవరిదని అడిగితే ఒక్కరి పేరు చెప్పలేరు. డీజే వేదిక ముందు జరిగేది ఈ కోవకి చెందినదే. ఒకే ఒక్క తేడా, అక్కడ దరువు మార్చే చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు. అందుకే ఒళ్ళు జలదరించిన ప్రతిసారీ ఆ కృతజ్ఞత ఆ ఒక్క మనిషి ఖాతాలో జమ అవుతుంది. ఆయన పోయాక పొంగే దుఃఖం అక్కడి నుంచే వస్తుంది.

డెల్టా చెవికి ఎలా చేరింది

గోదావరి జిల్లాల్లో డీజే అంటే మొదట గుర్తొచ్చేది మనిషి కాదు, బాక్సులు. పెళ్ళి ఊరేగింపుకీ, వినాయక నిమజ్జనానికీ, సంక్రాంతికీ లారీ మీద కట్టిన బేస్ బాక్సులు. "డీజే పెట్టారా?" అని అడిగితే బాక్సులు తెచ్చారా అనే. మీట నొక్కే కుర్రాడి పేరు ఎవరికీ పట్టదు. అక్కడ మోగేవి సినిమా పాటల, జానపదాల రీమిక్స్‌లు. కానీ ఆ రీమిక్స్‌ల నడక, ఆ డ్రాప్, ఆ సైరన్ శబ్దం అన్నీ అంతర్జాతీయ డాన్స్ సంగీతం నుంచి వచ్చినవే. పేరు తెలియకుండానే డెల్టా చెవి వాటికి అలవాటు పడింది.

పేరు తెలిసి వినడం మాత్రం రెండు దారుల్లో మొదలైంది. ఒకటి సెల్ షాపుల్లో మెమొరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న రోజుల్లో, ఇంగ్లిష్ పాటలన్న ఫోల్డర్‌లో నాలుగు ఎలక్ట్రానిక్ పాటలు వచ్చిపడటం. రెండోది 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక డేటా చౌకవడం. అప్పటి నుంచి రావులపాలెంలో ఉన్న పిల్లాడికీ, స్టాక్‌హోంలో ఉన్న పిల్లాడికీ పాట ఒకేసారి చేరుతోంది. అవీచీ 2016 ఆగస్టులోనే వేదికలు మానేశారు కాబట్టి, ఇక్కడి చాలామందికి ఆయన పరిచయమయ్యేసరికే చూసే అవకాశం పోయింది. హెడ్‌ఫోన్లలో, రాత్రి చదువులో, రాజమండ్రి బస్సులో, హాస్టల్ మంచం మీద విన్నారు. తండ్రి కొడుక్కి చెప్పిన మాటల మీద నడిచే 'ది నైట్స్' లాంటి పాట ఇల్లు వదిలి చదువుకెళ్ళిన పిల్లల్ని పట్టుకోవడంలో వింత లేదు.

ఒంటరిగా వినే ఈ అలవాటు బంధాన్ని మరీ సొంతం చేస్తుంది. 1956లోనే డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు టీవీ చూసేవాళ్ళు తెర మీది మనుషులతో స్నేహం లాంటిది కట్టుకుంటారని రాశారు. అవతలి మనిషికి మనం తెలియం. ఇవతలి మనసుకి ఆ మనిషి దగ్గరివాడు. ఈ ఏకపక్ష బంధాన్ని పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. పరీక్ష తప్పిన రాత్రి తోడున్నది ఆ పాటే అయినప్పుడు ఆ బంధం ఉత్తది అనలేం. పాట చేసిన మేలు నిజమైనది, కాబట్టి అది చేసిన మనిషి పోతే కలిగే బాధా నిజమైనదే.

ఏడవడానికి చోటు

డెల్టాలో దుఃఖానికి ఒక పద్ధతి ఉంది. సెంటర్‌లో కన్నీటి నివాళి అని ఫ్లెక్సీ లేస్తుంది. పరామర్శకి జనం వస్తారు. పదకొండో రోజో పదహారో రోజో పెద్దకర్మ, భోజనాలు. ఏడాదికి సంవత్సరీకం. ప్రతి మెట్టు దగ్గరా నలుగురు పక్కన ఉంటారు. అభిమాన హీరో పోతే సంఘం సభ్యులు కూడతారు, ఫొటోకి దండ వేస్తారు, అన్నదానం చేస్తారు. అక్కడా ఏ మెట్టుకి ఏం చేయాలో అందరికీ తెలుసు.

విదేశీ డీజే అభిమానికి ఈ మెట్లలో ఒక్కటీ లేదు. ఊరంతటికీ ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. శవం లేదు, ఇల్లు లేదు, దినం లేదు. ఇంట్లో చెబితే నవ్వులాట. 1989లో అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా ఇలాంటి దుఃఖం గురించి వివరంగా రాశారు. చుట్టూ ఉన్న సమాజం నీకు ఏడిచే హక్కు లేదు అన్నప్పుడు ఆ దుఃఖం తగ్గదు, దాక్కుంటుంది, ఎక్కువకాలం ఉంటుంది. మాజీ భార్యాభర్తల చావు, పెంచుకున్న కుక్క చావు, గర్భస్రావం లాంటివి ఈ కోవలో చర్చకి వచ్చాయి. ఎప్పుడూ కలవని కళాకారుడి చావు వీటి పక్కనే చేరుతుంది.

స్టేటస్‌లూ, రీల్స్‌కి జత చేసిన పాటలూ, వీడియో కింద 'మళ్ళీ వచ్చాను' అని ఏటా రాసే వ్యాఖ్యలూ ఈ లోటును పూడ్చుకునే ప్రయత్నాలే. ఏప్రిల్ 20 వచ్చేసరికి అవీచీ పాటల కింద ప్రపంచం నలుమూలల నుంచీ మాటలు చేరతాయి. వాటిని చూపించుకునే వేషాలుగా చూడటం న్యాయం కాదు. పక్కన మనిషి లేనప్పుడు దొరికిన పందిరి అది.

నిజానికి సొంతవాళ్ళు కానివారికి చోటు ఇవ్వడం గోదావరి ఒడ్డున కొత్త విషయం కాదు. పుష్కరాల్లో, మహాలయ పక్షంలో పెట్టే పిండాల్లో తల్లిదండ్రులూ తాతముత్తాతలతో ఆగరు. గురువులకీ, స్నేహితులకీ, సేవకులకీ కూడా కారుణ్య పితరుల వరసలో తిలోదకాలిస్తారు. రక్తసంబంధం లేకపోయినా మేలు చేసినవాడికి ఋణపడి ఉన్నామన్న ఆలోచన ఆ వరసలో ఉంది. 2015 పుష్కరాల్లో రాజమండ్రి రేవుల్లో అలా స్నేహితుల పేర్లు చెప్పించుకున్నవాళ్ళు ఎందరో. ఎవరూ డీజేకి పిండం పెట్టనక్కర్లేదు. కానీ 'వాడు మనకేమవుతాడు' అని అడిగే ముందు, ఆ ప్రశ్నకి ఈ నేల చాలా కాలం కిందే ఉదారంగా జవాబు చెప్పిందని పెద్దవాళ్ళు గుర్తుచేసుకోవచ్చు.

వార్త ఎలా రాస్తే ఏమవుతుంది

అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సిన భాగం ఇది. అవీచీ మరణం తర్వాత కుట్ర కథలు బోలెడు పుట్టాయి. నేరం జరిగిందన్న అనుమానానికి ఆధారం లేదని ఒమన్ పోలీసు వర్గాలు అప్పుడే తేల్చాయి. 2018 ఏప్రిల్ 26న కుటుంబం రాసిన బహిరంగ లేఖ, జీవితం, అర్థం, సంతోషం గురించిన ఆలోచనలతో ఆయన లోపల ఎంతగా పోరాడారో చెప్పింది. అంతకుమించిన వివరాల్లోకి వెళ్ళకుండా ఆగింది. ఆ నిగ్రహం ఎందుకు అవసరమో పరిశోధనలు చెబుతున్నాయి.

1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త, పత్రికల మొదటి పేజీల్లో ఆత్మహత్యల వార్తలు వచ్చిన తర్వాత అలాంటి మరణాలు పెరగడాన్ని చూపించారు. ఎంత పెద్దగా వార్త వస్తే అంత పెరుగుదల. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1994 ఏప్రిల్‌లో అమెరికాలోని సియాటిల్‌లో రాక్ గాయకుడు కర్ట్ కోబెయిన్ ఆత్మహత్యతో చనిపోయినప్పుడు అక్కడి యువత ఏమవుతారోనని అందరూ భయపడ్డారు. భయపడినట్టు మరణాలు పెరగలేదు. సహాయ కేంద్రాలకి ఫోన్లు పెరిగాయి. ఆయన సంగీతాన్ని మెచ్చుకుంటూనే చేసిన పనిని సమర్థించకుండా వార్తలు నడిచాయి, సహాయం దొరికే ఫోన్ నంబర్లు అంతటా కనపడ్డాయి, నగరంలో అభిమానులంతా ఒకచోట చేరి బహిరంగంగా దుఃఖపడే సభ జరిగింది. మౌనంగా దాక్కున్న దుఃఖం కంటే నలుగురిలో చెప్పుకున్న దుఃఖం ప్రమాదాన్ని తగ్గిస్తుందని ఆ అనుభవం చూసినవాళ్ళు చెప్పారు.

తెలుగు ఛానెళ్ళలో ఇలాంటి వార్త వస్తే గది, తలుపు, ఆఖరి ఫోన్ కాల్ అని గంటల తరబడి తిప్పే అలవాటు ఉంది. అది మారాలి. ఎలా జరిగిందన్నది చెప్పకపోవడం, ఒకే కారణానికి ముడిపెట్టకపోవడం, కష్టాలకి అదే దారి అన్నట్టు రాయకపోవడం, సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం: ప్రపంచ ఆరోగ్య సంస్థ విలేఖరులకి ఇచ్చే సూచనల సారం ఇదే. మన దేశంలో 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ సేవ 14416 నంబర్‌లో రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అభిమాన కళాకారుడు పోయాక పిల్లవాడు తిండి మానేసినా, నిద్ర పట్టకపోయినా, నేను కూడా అన్న ధోరణిలో మాట్లాడినా ఆ నంబర్‌కి ఇంట్లోవాళ్ళే ముందు ఫోన్ చేయవచ్చు. వెక్కిరించకుండా "ఏ పాట వింటావు, నాకూ వినిపించు" అని పక్కన కూర్చోవడం చిన్న పనే. చాలా ఇళ్ళలో అదే మొదటి మెట్టు.

చెయ్యి అలసిపోయే తీరు

ఈ రంగంలో పని జరిగే తీరు గురించి కూడా కొంత చెప్పుకోవాలి. గాయకుడు పర్యటనకి వెళ్తే వెంట వాద్యబృందం, సామాను, ప్రయాణపు రోజులు ఉంటాయి. డీజేకి ఒక పెన్‌డ్రైవ్ చాలు. అందుకే ఇవాళ ఒక దేశం, రేపు ఇంకో దేశం అని కార్యక్రమాలు కుక్కేస్తారు. పని అంతా అర్ధరాత్రి తర్వాతే, చుట్టూ మద్యమే, తెల్లవారుజామున విమానం. అవీచీ 2012 జనవరిలో క్లోమగ్రంథి వాపుతో న్యూయార్క్‌లో ఆసుపత్రి పాలయ్యారు. 2014లో పిత్తాశయం, అపెండిక్స్ తీసేశారు. కార్యక్రమాలు రద్దు చేసుకున్నారు, మళ్ళీ మొదలుపెట్టారు. 2016 మార్చిలో ఇక వేదిక ఎక్కనని బహిరంగంగా ప్రకటించి, ఆగస్టులో స్పెయిన్ ద్వీపం ఇబీసాలో ఆఖరి కార్యక్రమం చేశారు. ఒక మరణానికి ఒకే కారణం ఉండదు. కానీ నిద్రలేని పని, మద్యం, ఆందోళన ఒకదాన్నొకటి పెంచుతాయన్నది వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్న మాట. టిమ్ తల్లిదండ్రులు 2019లో ఆయన పేరుతో మొదలుపెట్టిన సంస్థ యువత మానసిక ఆరోగ్యం మీదే పని చేస్తోంది.

మన ముహూర్తాల సీజన్‌లో సౌండ్ కుర్రాళ్ళ జీవితమూ చిన్న కొలతలో ఇలాంటిదే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ నియమాన్ని చుట్టుపక్కల వాళ్ళ నిద్ర కోసమే అనుకుంటాం. బాక్సుల పక్కనే గంటల తరబడి నిలబడే కుర్రాడి చెవికీ, నిద్రకీ కూడా అదే రక్ష.

పోయాక వచ్చే పాటలు

కళాకారుడు పోయిన వెంటనే ఆ పాటలు వినేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. యాప్‌లు ఆ పెరుగుదలని చూసి ఇంకా ఎక్కువమందికి చూపిస్తాయి. అలా కొందరు అభిమానులుగా మారేదే చావు తర్వాత. వాళ్ళని ఆలస్యంగా వచ్చినవాళ్ళని పాతవాళ్ళు చులకన చేయడం తరచూ కనపడుతుంది, అది అనవసరం.

అసలు చిక్కు పూర్తికాని పాటల దగ్గర వస్తుంది. గాయకుడు పోతే గొంతు ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ కళాకారుడు పోతే కంప్యూటర్‌లో ఫైళ్ళు ఉంటాయి: ఏ శబ్దం ఎక్కడ మొదలవ్వాలో, ఏది ఎంత ఎక్కాలో ఆయన పెట్టిన గుర్తులతో సహా. అవీచీ వదిలిపెట్టిన పాటల్ని, ఆయనతో పని చేసినవాళ్ళు ఆయన రాసుకున్న నోట్స్ చూసి పూర్తి చేశారు. 'టిమ్' అన్న ఆ ఆల్బమ్ 2019 జూన్‌లో వచ్చింది, ఆదాయం ఆయన పేరు మీది సంస్థకి వెళ్ళింది. అదే ఏడాది డిసెంబర్ 5న స్టాక్‌హోం ఫ్రెండ్స్ అరీనాలో జరిగిన సంస్మరణ కచేరీలో ఆయన పాటలకి గొంతునిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పాడారు. ది ప్రాడిజీ ఫ్లింట్ లేకుండా 2022లో మళ్ళీ వేదిక ఎక్కింది. అదే ఏడాది అవీచీ పాటల హక్కుల్లో 75 శాతం వాటాను స్వీడన్‌కి చెందిన పాప్‌హౌస్ సంస్థ కొనుక్కుంది. అంటే ఇక మీదట ఆ వరసలు ఎక్కడ, దేనికి వాడాలన్న నిర్ణయంలో వ్యాపారానిదీ పెద్ద చెయ్యే.

తెలుగులో ఈ చర్చ బాలసుబ్రహ్మణ్యం గొంతుతో మొదలైంది. 2023లో వచ్చిన ఒక సినిమాలో కృత్రిమ మేధతో ఆయన గొంతును పుట్టించారని, తమని అడగలేదని కుటుంబం లీగల్ నోటీసు ఇచ్చింది. గొంతు విషయంలో అడగాలన్న స్పృహ అలా వచ్చింది. వరస కట్టిన చేతి విషయంలో ఇంకా రాలేదు. తణుకులోనో కాకినాడలోనో ఒక గదిలో కూర్చుని జానపదానికి కొత్త దరువు కట్టే కుర్రాడికి కాగితం మీద హక్కులేమీ ఉండవు. ట్రాక్ పేరు ముందు పెట్టుకున్న రెండక్షరాల ముద్ర తప్ప ఆధారం ఉండదు. అతని ఫైళ్ళు ఎవరివో, పోతే ఎవరు తెరవవచ్చో ఇంట్లోవాళ్ళకి తెలియదు. సౌండ్ సిస్టమ్ యజమానులూ, రీమిక్స్ చేసేవాళ్ళూ కలిసి పేర్లు నమోదు చేసుకోవడం, చేసిన ట్రాకుల కాపీ ఒకటి ఇంట్లో ఉంచడం, ఎవరికి ఎంత ముట్టాలో ముందే రాసుకోవడం ఇవాళ్టి నుంచి మొదలుపెట్టగలిగిన పనులు.